పలక మీద రాయని పది లక్షలు

పోయినవాటిని వరుసగా వేస్తే ఇట్లా తేలింది. పది లక్షల పాయింట్లు. ఒక టీవీ గేమ్ సెట్టు, రెండు రిమోట్లు, పదకొండు క్యాసెట్లు. ఆళ్లగడ్డలో తలుపు తీయకముందే మూతబడిన ఒక షాపు. మాటా పలుకూ లేని ఇరవై ఏడేళ్లు. నెలకు ఒక్కసారి కలిసేవాళ్లం అనుకున్నా మూడు వందల ఇరవై నాలుగు కలయికలు. ఇవి కాక ఒక మనిషి మాట. దాన్ని ఏ కొలతలో వేయాలో తెలియక ఒకటి అని వేసి కింద గీత గీశాను.

ఇదంతా నా వల్ల పోయింది. ఆ రోజు నేను వేసిన లెక్కను ఈ మధ్య నాలుగుసార్లు తిరగేసి చూశాను. కూడికలో గానీ గుణకారంలో గానీ తప్పు దొరకలేదు.

నా చదువు పదో తరగతి దగ్గర ఆగింది. లెక్కలు మాత్రం నా అంతట నేను నేర్చుకున్నాను, బస్సు టికెట్ల వెనక, సినిమా హాలు కుర్చీల వరుసలు లెక్కబెట్టుకుంటూ. ఇప్పుడు నంద్యాలలో ఒక బియ్యం మిల్లులో కాటా దగ్గర రాస్తాను. నిండు లారీ తూకంలోంచి ఖాళీ లారీ తూకం తీసేస్తే మిగిలేది సరుకు. మిషను చూపించిన అంకె రాయాలి, ఎవరు ఏమన్నా మార్చకూడదు. ఈ అలవాటు మిల్లుకు రాకముందు నుంచే ఉంది.

అప్పట్లో బస్టాండు వెనక సందులో ఒక వీడియో గేమ్ షాపు ఉండేది. ఒకటే గది, మూడు టీవీలు, ఒక్కో టీవీ ముందు ఒక బల్ల. గంట లెక్కన అద్దె. నాకు ఇరవై రెండేళ్లు. గంట అయిపోగానే "లెయ్యప్పా, అయిపాయ" అని లేపడం నా ఉద్యోగం. సెట్టులో క్యాసెట్ పెడితే ఆట వచ్చేది. కరెంటు పోతే ఆటా పోయేది, స్కోరూ పోయేది. ఆ సెట్లకు దేన్నీ గుర్తుపెట్టుకునే తెలివి లేదు. కరెంటేమో రోజుకు రెండుసార్లు, చెప్పిన టైముకు తప్పకుండా పోయేది.

అందుకని నేనొక పద్ధతి పెట్టాను. గోడకు పెద్ద పలక తగిలించాను. కోతకు ఐదు నిమిషాల ముందు "కోత!" అని అరుస్తాను. ఆడేవాళ్లు ఆట ఆపుతారు. నేను మూడు టీవీల ముందుకూ పోయి తెర మీది అంకె చదివి, బలపంతో పలక మీద వాళ్ల పేరుకు ఎదురుగా రాస్తాను. కరెంటు వచ్చాక వాళ్లు సున్నా నుంచి మొదలుపెట్టినా, పలక మీద ఉన్నది కలుపుకునే లెక్క. ఆత్మకూరు నుంచి, ప్యాపిలి నుంచి పని మీద వచ్చి ఒక గంట ఆడి పోయేవాళ్లు కూడా నెల తర్వాత వచ్చి "నాది పలకలో ఎంతుందన్నా?" అని అడిగేవాళ్లు. తుడవకుండా ఉంచేవాణ్ణి. తెర మీద ఏమున్నా, నేను రాసిందే స్కోరు. ఆ గదిలో దానికి ఎదురు లేదు. ఆ సంగతి నాకు ఎంత ఇష్టంగా ఉండేదో ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

ఆళ్లగడ్డ నుంచి ఒకతను ఐటీఐలో కరెంటు పని నేర్చుకోవడానికి నంద్యాలకు వచ్చి, మా షాపుకు నాలుగు ఇళ్ల అవతల రూములో ఉండేవాడు. నాకన్నా రెండేళ్లు చిన్న. విమానం ఆట ఒక్కటే ఆడేవాడు. తెర కింద మన విమానం ఉంటుంది, పైనుంచి శత్రువుల విమానాలు దిగుతుంటాయి, ఒక్కోదాన్ని కూలిస్తే వంద పాయింట్లు. పెద్దవైతే ఎక్కువ. అతను ఆడుతుంటే పక్క టీవీల వాళ్లు తమ ఆట ఆపి చూసేవాళ్లు. బొటనవేళ్లు తప్ప ఒంట్లో ఏదీ కదిలేది కాదు. స్కోరు వైపు కన్నెత్తి చూసేవాడు కాదు.

"నీ స్కోరు నీకు అక్కర్లేదా?" అని ఒకసారి అడిగాను.

"విమానాలు చూసేకే నాకు రెండు కండ్లు సాలవు. అంకెలు చూసేకి నువ్వుండావ్ గదన్నా."

అట్లా స్నేహం కుదిరింది. అతను ఆడేవాడు, నేను రాసేవాణ్ణి. మధ్యాహ్నం కోత రెండు గంటలూ షాపు మెట్ల మీద కూర్చుని ఒక బొరుగుల పొట్లం ఇద్దరం తినేవాళ్లం. ఆళ్లగడ్డలో ఇట్లాంటి షాపు లేదని, పెడితే నడుస్తుందని అతను రోజూ చెప్పేవాడు. ఎన్ని టీవీలుంటే ఎన్ని గంటలు నిండాలో నేను వేళ్ల మీద లెక్క కట్టి చూపించేవాణ్ణి. ఆ లెక్కలన్నీ అతనికి నోటికి వచ్చేశాయి.

ఒక ఎండాకాలం మా ఓనరు కొత్త రకం సెట్లు తెప్పించుకున్నాడు. పాత సెట్టు ఒకటి, దాని క్యాసెట్లన్నిటితో కలిపి, పోటీలో గెలిచినవాళ్లకు ఇస్తానని బోర్డు పెట్టాడు. విమానం ఆటే పోటీ. మూడు ఆదివారాలు. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు మూడు విమానాలూ పోగొట్టుకునేదాకా, లేదా కరెంటు పోయేదాకా ఆడొచ్చు. కరెంటు పోకముందు నేను పలక మీద రాసిందే ఆఖరు. డోన్ నుంచి రైల్వే క్యాంటీన్‌లో పనిచేసే ఒకాయన వచ్చి మొదటి ఆదివారమే రెండు లక్షల పదకొండు వేల ఆరు వందలు కొట్టాడు. దాన్ని ఎవరూ దాటలేదు. మూడో ఆదివారం ఆళ్లగడ్డ అతని వంతు.

సెట్టు తనదే అని అతనికి అనుమానం లేదు. ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర మేనమామ గది ఖాళీగా ఉంది. రేకు బోర్డు కూడా రాయించాడు, మీద నీలం రంగు విమానం బొమ్మతో. గెలవకముందే బోర్డేందని నేను ఎగతాళి చేస్తే, "పెయింటరు ఊరికి పోతాండాడన్నా, మళ్లా దొరకడు" అన్నాడు.

ఆదివారం పది గంటలకు కరెంటు వచ్చింది. రెండింటికి పోతుంది. అతను కూర్చున్నాడు. పదకొండింటికి తెర మీద లక్షా ఎనభై వేల రెండు వందలు ఉంది, మూడు విమానాలూ ఉన్నాయి. చీటీ మీద రాసుకున్నాను. పదకొండున్నరకు చర్చిలో ఆరాధన. ఆదివారం చర్చికి పోకపోతే ఆ పూట మా అమ్మ పొయ్యి వెలిగించేది కాదు. ఓనరు "పోయి రాప్పా, నేను చూస్తాలే" అన్నాడు. మొదటి గంట గుమిగూడిన జనం అప్పటికే విసుగొచ్చి తిండికి పోతున్నారు. నేనూ పోయాను.

ఆ రోజు వాక్యం ఏం చెప్పారో నాకు గుర్తులేదు. కానుక కవరు వెనక లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. గంటకు లక్షా ఎనభై వేలు. నిమిషానికి మూడు వేలు. రెండింటిదాకా ఒక్క విమానమూ పోకుండా ఆడితే ఏడు లక్షల ఇరవై వేలు. ఆ అంకె చూసి నాకే గర్వంగా అనిపించింది.

అన్నం తిని ఒంటిగంటా యాభైకి తిరిగొచ్చాను. ఓనరు బల్ల మీద గురక పెడుతున్నాడు. పక్క టీవీలో ఇద్దరు వాళ్ల కారు పందెంలో వాళ్లున్నారు. అతని చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. నా చెప్పుల చప్పుడు విని, తల తిప్పకుండానే అరిచాడు.

"అన్నా, వచ్చినావా! తిరిగిందన్నా!"

"ఏంది తిరిగింది?"

"స్కోరు! తొమ్మిదులన్నీ నిండి సున్నాకొచ్చింది. ఆరు సున్నాలు! నువ్వుండింటే బాగుండు."

తెర చూశాను. అరవై నాలుగు వేల మూడు వందలు.

"నేను పోయేటప్పుడు లక్షా ఎనభై వేలు" అన్నాను. "ఇప్పుడు అరవై నాలుగు. విమానాలన్నీ పోయి మళ్లా స్టార్ట్ కొట్టినావు గదా?"

నేను పరాచికాలాడుతున్నాననుకుని నవ్వాడు. "లేదన్నా. మూడింట్లో ఒక్కటే పోయింది. పైన చూడు, రెండుండాయి."

"కొత్తగా మొదలుపెట్టి ఒకటి పోగొట్టుకున్నా రెండే ఉంటాయి."

అప్పుడు ఆట ఆపి నా వైపు తిరిగాడు. కండ్లు ఎర్రగా ఉన్నాయి. ఓనరు లేచి కూర్చుని "ఏందప్పా గలాటా?" అన్నాడు. తిండికి పోయినవాళ్లు ఒక్కొక్కరే తిరిగొస్తున్నారు. నేను అందరికీ వినపడేలా పలక మీద లెక్క వేశాను. పది నుంచి ఒంటిగంటా యాభై దాకా రెండు వందల ముప్పై నిమిషాలు. నిమిషానికి మూడు వేలు. ఆరు లక్షల తొంభై వేలు. స్కోరు తిరగాలంటే పది లక్షలు కావాలి.

"మూడు లక్షల పైన తక్కువ పడతాండాది" అన్నాను.

"ఏమప్పా, విమానానికి ఇంకో ఇంజను బిగించినావా?" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నన్ను మెచ్చుకునే నవ్వు అది. నాకు బాగానే ఉంది.

అతను లేచి నా దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు. "అన్నా, నా స్కోరు నేనెప్పుడన్నా చెప్పినానా నీకు? నువ్వు రాసిందే గదా నాది. ఈ ఒక్క రోజే నేను చెప్తాండా. విను."

"తెర మీద ఉండేదే రాస్తా" అన్నాను. రాశాను. 64,300.

రెండయింది, కరెంటు పోయింది. అతను చీకటి తెర ముందు ఒక నిమిషం నిలబడ్డాడు. రిమోట్ తీసుకుని, దాని తీగ చిక్కు పడకుండా రిమోట్ చుట్టూ చుట్టి, బల్ల మీద పెట్టి మెట్లు దిగిపోయాడు. సెట్టు డోన్‌కు పోయింది.

తర్వాత అతను షాపుకు రాలేదు. కానీ అతని మాట షాపులో ఉండిపోయింది. ఎవరి విమానం కూలినా "తిరిగిందన్నా!" అని అరిచి పడీ పడీ నవ్వేవాళ్లు. సందులో అతను కనబడితే కూడా అరిచేవాళ్లు. నేను అరవలేదు. వాళ్లను ఆపనూ లేదు. ఐటీఐ అయిపోగానే అతను ఆళ్లగడ్డకు వెళ్లిపోయాడని విన్నాను. రెండేళ్లకు మా షాపూ మూసేశారు.

మా అమ్మాయి ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్ మీద ఏదో కంపెనీకి పని చేస్తుంది. తన జీతంతో ఒక గేమ్ కన్సోల్ కొనుక్కుంది. ఈ మధ్య పాత ఆటలన్నీ మళ్లీ వస్తున్నాయని తనే చెప్పింది. మా షాపులో ఆడిన అడవి సిపాయి ఆట, కారు పందెం, ఇటుకలు పగలగొట్టే ఆట, అన్నిటినీ కంపెనీలు దుమ్ము దులిపి కొత్త మిషన్లకు తగినట్టు మళ్లీ తయారు చేసి అమ్ముతున్నాయట. నా వయసు వాళ్లు ఎగబడి కొంటున్నారట. ఒక మధ్యాహ్నం "నాయనా, ఇట్ల రా, ఇది మీ కాలంది" అని పిలిచింది.

విమానం ఆట. మొదట పోల్చుకోలేదు. మబ్బుల్లో ఎండ పడుతోంది, సముద్రం నిజంగా కదులుతోంది, చప్పుడు సినిమా హాల్లో లాగా ఉంది. స్కోరుకు తొమ్మిది గళ్లు పెట్టారు. అమ్మాయి ఒక బటన్ నొక్కింది. మబ్బులూ ఎండా మాయమై, నా పాత తెర వచ్చింది. చదరాల సముద్రం, గీతల విమానం, పైన స్కోరుకు ఆరే గళ్లు.

"ఇట్ల ఒత్తితే కొత్తది, ఇట్ల ఒత్తితే పాతది" అంది. "ఆడు."

ఆ షాపులో అన్నేళ్లున్నా నేను సరిగ్గా ఆడింది లేదు. చేతులు మొద్దుబారాయి. కానీ ఇప్పటి ఆటలో ఒక వెసులుబాటు ఉంది. విమానం కూలితే ఒక బటన్ నొక్కి పది సెకన్లు వెనక్కి పోవచ్చు. ఎక్కడ ఆపితే అక్కడినుంచే మర్నాడు మొదలుపెట్టొచ్చు. కరెంటు పోయినా స్కోరు పోదు. నాలాంటివాడు పలక పట్టుకుని నిలబడే పనే లేదు. నూట నలభై మూడుసార్లు వెనక్కి తిప్పుకుంటూ ఆరు రోజుల్లో మొదటి చుట్టు పూర్తి చేశాను. వెనక్కి తిప్పినవి తీసేస్తే గంటా పది నిమిషాల ఆట. చివర్లో వచ్చే పెద్ద ఓడ మునిగాక ఆట అయిపోతుందనుకున్నాను. అయిపోలేదు. మళ్లీ మొదటి సముద్రం వచ్చింది. చిన్న విమానం ఒకటి దిగింది. కూల్చాను.

రెండు వందలు.

ఇంకొకటి కూల్చాను. మళ్లీ రెండు వందలు. అన్నీ రెట్టింపు.

రిమోట్ ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాను. మా షాపులో గంటకు అద్దె. గంట కాగానే నేనే లేపేవాణ్ణి. రెండో చుట్టులో ఏముందో మా గదిలో ఎవరికీ తెలియకుండా చేసింది నేనే. డోన్ ఆయన రెండు లక్షల పదకొండు వేల దగ్గర కూలాడంటే సరిగ్గా ఈ గడపలో కూలాడు. ఇది దాటి పోయింది ఒక్కడే.

కాగితం తీసుకున్నాను. మొదటి డెబ్భై నిమిషాలకు మూడు వేల చొప్పున రెండు లక్షల పది వేలు. మిగతా నూట అరవై నిమిషాలకు ఆరు వేల చొప్పున తొమ్మిది లక్షల అరవై వేలు. మొత్తం పదకొండు లక్షల డెబ్భై వేలు. పది లక్షలు దాటి ఇంకా మిగులుతుంది.

అయినా కళ్లతో చూడాలని ఇంకో మూడు వారాలు ఆడాను. మిల్లు నుంచి రాగానే కూర్చునేవాణ్ణి. రెండో చుట్టు ఆఖరి ఓడను ముంచడం నా చేతకాక, దాని ముందు ఆగకుండా దిగే చిన్న విమానాలనే కూలుస్తూ పోయాను. ఆఖరికి ఒక సాయంత్రం తొమ్మిదులు నిండాయి. ఇంకో విమానం కూలింది. ఆరు సున్నాలు వచ్చాయి. అమ్మాయి దాన్ని ఫోన్‌లో వీడియో తీసింది.

"కొత్త దాంట్లో తొమ్మిది గళ్లు పెట్టినారు గదా, దీంట్లో ఎందుకు సరిచేయలేదు?" అని అడిగాను.

"పాత తప్పులు గూడా అట్లే ఉంచినారంట నాయనా. ఆడేవాళ్లు అదే కావాలన్నారంట." నా ముఖం చూసి, "ఏమైంది?" అంది. చెప్పాను. అంతా విని, "అయితే ఆయన చెప్పింది నిజమే" అంది.

"నిజమే."

"మరి ఈడ కూసున్యావేంది? పోయి చెప్పు."

అతను ఆళ్లగడ్డలో మోటార్లు, ఫ్యాన్లు వైండింగ్ చేసే షాపు నడుపుతున్నాడని మిల్లు లారీల డ్రైవర్ల వల్ల ఎప్పుడో తెలుసు. నంద్యాల నుంచి బస్సులో గంటా పావు. ఇరవై ఏడేళ్లలో ఆ బస్సు ఎక్కలేదు. ఎక్కి, సిరివెళ్ల దాటేదాకా ఏం చెప్పాలో వరుస పెట్టుకున్నాను. ముందు వీడియో, తర్వాత లెక్క, తర్వాత క్షమాపణ.

షాపు బస్టాండుకు దగ్గరే. వాకిలి నిండా విప్పిన మోటార్లు. అతను చేతితో తిప్పే మిషను మీద ఫ్యాన్‌కు రాగితీగ చుడుతున్నాడు. జుట్టు సగం నెరిసింది. నేను నోరు తెరిచేలోపల ఎడమచెయ్యి పైకెత్తాడు. పెదవులు కదులుతున్నాయి. లెక్కబెడుతున్నాడు. నిలబడ్డాను. నూరు కాగానే పక్కనున్న డబ్బా మూతలో ఒక నట్టు వేశాడు. అప్పుడు చూశాడు నన్ను.

"ఏందన్నా" అన్నాడు, నిన్న చూసినట్టు. "మిషను లెక్క చెడిపోయింది. నోటితో లెక్కబెట్టుకుంటాండా. కూసో."

లోపల స్టూలు మీద కూర్చున్నాను. అక్కడినుంచి చూస్తే వాకిలి మీద బిగించిన రేకు బోర్డు వెనకవైపు కనబడుతుంది. ముందువైపు వైండింగ్ వర్క్స్ అని ఉంది. వెనక నీలం రంగు విమానం, సగం తుప్పు పట్టి.

లోపలి గదిలోంచి అతని భార్య టీ తెచ్చింది. "నంద్యాల అన్న" అని చెప్పాడు. ఆమె గ్లాసు నా చేతికివ్వకుండా ఆగింది.

"ఎవురు, పలక రాసే ఆయప్పనా?"

"ఆ. పలకాయప్పే."

"మాకు పెండ్లయినకాన్నుంచి వింటాండా నీ గురించి" అని నాతో అంది. "ఇంట్లో ఉప్పు తక్కువైందని నేనంటే, పలకలో రాసినావా అంటాడు." అప్పుడు టీ ఇచ్చింది.

నేను వరుసంతా మరిచిపోయాను. ఫోన్ తీసి వీడియో పెట్టి అతని చేతికిచ్చాను. చేతులు చొక్కాకు తుడుచుకుని పట్టుకున్నాడు. పాత సముద్రం, పాత విమానం. "సౌండు పెంచు" అన్నాడు. పెంచాను. తొమ్మిదులు నిండాయి. సున్నాలు వచ్చాయి. ఫోన్ పక్కన అతని బొటనవేలు ఊరికే కదులుతోంది. మళ్లీ మొదటినుంచి పెట్టుకుని చూశాడు. భార్య భుజం మీదుగా వంగి చూసి "ఇదేనా?" అంది. తలూపాడు.

"రెండో చుట్టులో అన్నీ రెట్టింపు" అన్నాను. "నాకు తెలీదప్పా. నిమిషానికి మూడు వేలే అనుకున్యా. నీ పది లక్షలు నీకు రావాల. పది లక్షల అరవై నాలుగు వేల మూడు వందలు నీ స్కోరు. ఆ సెట్టు నీది. తప్పు నాది."

అతను ఫోన్ నా చేతికిచ్చాడు.

"ఇప్పుడెట్ల తెలిసింది నీకు?"

"నేనే ఆడినా. నా కండ్లతో చూసినా."

"ఆ." నవ్వాడు. "చూసినంక వచ్చినావు." తీగ చివర వెతుక్కుంటూ, మామూలుగా అన్నాడు, "అది మొదటి తూరన్నా. ఆ తర్వాత ఇంగోతూరి తిరిగింది. నువ్వు వచ్చే కొంచెం ముందు."

"ఇంగోతూరా? ఎవురు చూసినారు?"

నోట్లోంచి వచ్చేసింది. ఆలోచించి అన్నది కాదు. అతని భార్య ఖాళీ గ్లాసు తీసుకోబోతూ చెయ్యి వెనక్కి తీసుకుంది. వాకిట్లో లారీ ఒకటి హారన్ కొడుతూ పోయింది.

"నేను చూసినా" అన్నాడు అతను.

"నువ్వు ఆ రోజు చెప్పలేదే, రెండు తూర్లని."

"నువ్వడిగినావా?" కోపంగా అనలేదు. "తిరిగిందంటానే పలక దగ్గరికి పోతివి. ఎన్ని తూర్లు తిరిగిందని ఒక మాట అడిగింటే చెప్తుంటి గదా."

నేను అడగలేదు. ఆ రోజూ అడగలేదు, ఈ ఇరవై ఏడేళ్లలోనూ, ఆ నెలరోజుల ఆటలోనూ, బస్సులోనూ తట్టలేదు. పది లక్షలు అని నాకు నేనే తేల్చుకుని, ఆ అంకె పట్టుకుని వచ్చాను. అతని స్కోరు ఎంతని అతన్ని నేను ఎప్పుడూ అడగలేదు.

"నీ మాట నమ్ముతా" అన్నాను.

"నమ్ముతా అంటే సాల్దన్నా, నమ్మాల" అంది అతని భార్య. అతను ఆమెను ఆపాడు. "ఇడ్సిపెట్టు. అన్నం తిని పోతావా అన్నా? ఈ ఫ్యానొకటి మూడింటికి ఇయ్యాల, కట్టుకుని పోతారు."

వద్దన్నాను, బస్సుందని. అతను మిషను దగ్గరికి జరిగాడు. నట్ల మూతలోకి చూసి, "మూడు వందలు" అని, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. వాకిలి దాటేటప్పుడు వెనక్కి చూశాను. చెయ్యి ఎత్తాడు. పోయి రమ్మనో, లెక్క మధ్యలో ఉన్నాననో తెలియలేదు.

బస్సులో కూర్చుని టికెట్ వెనక్కి తిప్పాను. మూడో చుట్టులో కూడా రెట్టింపు అయితే నిమిషానికి పన్నెండు వేలు. మొదటి డెబ్భై నిమిషాలకు రెండు లక్షల పది వేలు, రెండో డెబ్భైకి నాలుగు లక్షల ఇరవై వేలు, మిగిలిన తొంభైకి పది లక్షల ఎనభై వేలు. పదిహేడు లక్షల పది వేలు. రెండోసారి తిరగడానికి రెండు లక్షల తొంభై వేలు తక్కువ పడుతుంది. పెద్ద ఓడలను ముందే ముంచితే పైన ఏమైనా ఇస్తారేమో. అతను ఆడిన వేగం నా వేగం కాదు. మూడో చుట్టు నేను చూడలేదు.

అక్కడ పెన్ను ఆపాను. నేను ఏం చేస్తున్నానో అప్పుడు తెలిసింది. మూడు లక్షలు తక్కువ పడుతున్నాయని ఆ రోజు అందరి ముందు చెప్పాను. ఈసారి రెండు లక్షల తొంభై వేలు, నాకు నేనే చెప్పుకుంటున్నాను.

ఇది జరిగి ఐదు నెలలైంది. కన్సోల్ ముందుగదిలోనే ఉంది. ఆట నేను ఆపినచోటే ఉంది. కూర్చుని ఆడితే ఇంకో నెలకు మూడో చుట్టు చూడొచ్చు. "ఆడు నాయనా, తేలిపోతాది గదా" అంటుంది అమ్మాయి. తేలిపోతే నేను మళ్లీ చూసి నమ్మినవాణ్ణే అవుతాను. తేలకపోతే ఏమవుతానో చెప్పలేను. చూడకుండా, అతను చెప్పాడు కాబట్టి రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. చెయ్యి రాలేదు. వట్టి మాట మీద ఒక అంకె రాసిన అలవాటు నాకు ఈ యాభై ఏళ్లలో లేదు.

అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. అతను చెప్పిన స్కోరు ఇరవై లక్షల అరవై నాలుగు వేల మూడు వందలు. ఆ రోజు నేను ఇచ్చింది అరవై నాలుగు వేల మూడు వందలు. ఆళ్లగడ్డకు పోయి ఒప్పుకున్నది పది లక్షలు. ఈ రోజుకు బాకీ పది లక్షలు.